కబడ్డీలో తలకు దెబ్బ: గ్రౌండ్‌లో ఏం చూడాలి, ఎవర్ని ఆసుపత్రికి పంపాలి, ఎప్పుడు మళ్లీ ఆడించాలి?

పీఈటీ_సూర్యాపేట

నమస్తే. జడ్పీ హైస్కూల్‌లో అండర్-17 బాలుర కబడ్డీ జట్టుని చూస్తాను. మట్టి కోర్టే, మ్యాట్ లేదు. తల దెబ్బలు ఎక్కువగా మూడు రకాలుగా వస్తున్నాయి. యాంకిల్ హోల్డ్ పడ్డప్పుడు రైడర్ బోర్లా పడి నుదురు నేలకి కొట్టుకోవడం, డ్యాష్ (రైడర్‌ని గుద్ది గీత బయటికి నెట్టడం) కొట్టేటప్పుడు ఇద్దరి తలలు ఢీకొనడం, డైవ్ చేసిన కార్నర్ కుర్రాడి కణతకి రైడర్ మోకాలు తగలడం. చెయ్యి విరిగితే తెలుస్తుంది, మోకాలు వాస్తే తెలుస్తుంది. తల దెబ్బకి మాత్రం మొహాన నీళ్లు కొట్టి, "బానే ఉందా?" అనడం, వాడు "బానే ఉంది సార్" అంటే దింపేయడం. చాలా చోట్ల నడిచేది ఇదే.

నా ప్రశ్నలు ఇవి. స్పృహ తప్పకపోతే కంకషన్ (దెబ్బకి మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం) కానట్టేనా? డాక్టర్ లేని గ్రౌండ్‌లో నేను చేయగలిగిన పరీక్ష ఏమైనా ఉందా? మాకు పీహెచ్‌సీ 6 కి.మీ., సీటీ స్కాన్ ఉన్న చోటు 40 కి.మీ. ఎవర్ని ఎక్కడికి పంపాలి? ఎన్ని రోజులకి ఆడించవచ్చు?

ప్రస్తుతం ఒక కేసు కూడా ఉంది. ఈ సాయంత్రం 5 గంటలకి 15 ఏళ్ల కుర్రాడికి ఎడమ కణత మీద మోకాలు తగిలింది. స్పృహ తప్పలేదు. రెండు నిమిషాలు కూర్చుని మళ్లీ రైడ్‌కి లేచాడు, ఆపేశాను. ఇప్పుడు 7 అయింది. తలనొప్పిగా ఉందని, ట్యూబులైటు చూస్తే ఇబ్బందిగా ఉందని అంటున్నాడు. వాంతి లేదు, మాట స్పష్టంగా ఉంది. జోనల్స్ (జోన్ స్థాయి పోటీలు) వచ్చే వారమే.

---

క్యాజువాలిటీ_డాక్టర్

ముందు ఆ కుర్రాడి సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి అది కంకషనే అనుకుని నడవండి. తలకి దెబ్బ, ఆ తర్వాత తలనొప్పి, వెలుతురు పడకపోవడం. ఇంతకంటే రుజువు అక్కర్లేదు. దగ్గర్లో డాక్టర్ ఉంటే ఈ రాత్రే ఒకసారి చూపించండి, లేదా రేపు పొద్దున్నే. ఈ రాత్రి వాడు ఒంటరిగా పడుకోకూడదు.

దెబ్బ కణత మీద తగిలిందన్నారు కాబట్టి ఇంకో మాట. అక్కడ పుర్రె ఎముక పలచన, దాని లోపలి వైపే ఒక ధమని ఆనుకుని వెళుతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే రక్తం ఎముకకీ మెదడు పైపొరకీ మధ్య చేరుతుంది. గడ్డ పెరిగి మెదడుని నొక్కేదాకా మనిషి మామూలుగానే మాట్లాడతాడు, నడుస్తాడు, కొందరైతే అన్నం కూడా తింటారు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో మన మాజీ క్రికెటర్ రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిల్చున్నప్పుడు తలకి బంతి తగిలింది. గ్రౌండ్ నుంచి తనంతట తానే నడిచి బయటికి వెళ్లాడు. కాసేపటికే పరిస్థితి తిరగబడింది, కొద్ది రోజుల్లో చనిపోయాడు. అందరికీ ఇలా అవుతుందని భయపెట్టడం కాదు. నూటికి తొంభై పైగా కేసుల్లో ఏమీ కాదు. కానీ "నడుస్తున్నాడు కదా" అన్నది భరోసా కాదని గుర్తుంచుకోండి. తలనొప్పి గంట గంటకీ పెరుగుతుంటే, రెండుసార్లు వాంతి అయితే, మగతలోకి జారుతుంటే పీహెచ్‌సీకి తీసుకెళ్లి టైం పోగొట్టకండి. 108కి ఫోన్ చేసి నేరుగా సీటీ ఉన్న చోటికే.

ఇక మొదటి ప్రశ్న. స్పృహ తప్పడం కంకషన్‌కి షరతు కాదు. ఎక్కువ కంకషన్లలో అసలు తప్పదు. లక్షణాలు వెంటనే రావాలన్న నియమం కూడా లేదు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఆర్చర్ బౌన్సర్ మెడకి తగిలి స్టీవ్ స్మిత్ బయటికెళ్లాడు, అప్పటి పరీక్షల్లో ఏమీ తేలక తిరిగొచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాడు పొద్దున్న లక్షణాలు బయటపడి మ్యాచ్ నుంచే తప్పుకున్నాడు. అంతర్జాతీయ జట్టు డాక్టర్ల చేతిలోనే అలా జరిగింది. అందుకే గ్రౌండ్‌లో పరీక్ష పాసైనా ఆ రోజుకి ఆట లేదు. అనుమానం వస్తే చాలు, బయటికి. మీరు ఆపేశారు చూడండి, అదే చికిత్సలో మొదటి మెట్టు.

గ్రౌండ్‌లో చూసే వరుస: పడ్డవాడు కదలకుండా ఉంటే పరుగున వెళ్లి చంకల కింద చేతులేసి లేపకండి. మెడ విరిగిందనే అనుకోవాలి. ఒకరు తల దగ్గర మోకాళ్లపై కూర్చుని రెండు చేతులతో తలని ఎలా ఉన్నదాన్ని అలాగే పట్టుకోవాలి. ఊపిరి ఆడుతోందా చూడండి. గురక లాంటి శబ్దం వస్తుంటే తల వెనక్కి వంచకుండా కింది దవడని మాత్రం రెండు వైపులా ముందుకి నెట్టండి. వాంతి చేసుకుంటే నలుగురు కలిసి తల, భుజాలు, నడుము ఒకే దుంగలా ఒక్కసారి పక్కకి తిప్పాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. చుట్టూ ఖాళీ చేయండి, ఎంతసేపు వచ్చాయో వాచీలో చూడండి. స్పృహ పూర్తిగా రాకుండా నీళ్లు, సోడా, టీ ఏదీ తాగించవద్దు.

తిన్నగా ఆసుపత్రికి పంపాల్సినవి: మెడ నొప్పి లేదా మెడ ఎముక మీద నొక్కితే నొప్పి, కొన్ని క్షణాలైనా స్పృహ తప్పడం, ఫిట్స్, రెండుగా కనిపించడం లేదా చూపు పోవడం, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి లేదా బలం తగ్గడం, ఒకటికి మించి వాంతులు, పెరిగే తలనొప్పి, ఉన్నట్టుండి చిరాకు, తిట్టడం, పెనుగులాట, అయోమయం పెరగడం, తల ఎముక సొట్టపడినట్టు ఉండటం. ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారినా, కళ్ల చుట్టూ లేదా చెవి వెనక నల్లగా కమిలినా పుర్రె అడుగు భాగం విరిగిందని అనుమానించాలి. ఆ కమిలిన రంగు గంటల తర్వాత గానీ రాదు, కాబట్టి దెబ్బ తగిలిన పది నిమిషాల్లో లేదని తేలిగ్గా తీసుకోకండి.

ఇవేవీ లేవు, లేచి కూర్చున్నాడు. అప్పుడు "బానే ఉందా?" అని మాత్రం అడగకండి. ఆటలోంచి తీసేస్తారన్న భయంతో ఏ కుర్రాడైనా అవుననే అంటాడు. అబద్ధమాడటానికి వీల్లేని ప్రశ్నలు అడగాలి. ఆటగాళ్ల కోసమే కుదిర్చిన ఐదు ప్రశ్నలున్నాయి, మ్యాడాక్స్ ప్రశ్నలంటారు. కబడ్డీకి మార్చుకుంటే ఇలా ఉంటాయి: మనం ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది ఏ హాఫ్? చివరి పాయింట్ ఎవరు తెచ్చారు? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా, ఓడామా? ఒక్కటి తప్పినా, సరైన జవాబే అయినా ఆలోచించి ఆలోచించి చెప్పినా, బెంచీ మీదికి. ఇది 13 ఏళ్లు దాటినవాళ్లకి. చిన్న పిల్లలని మధ్యాహ్న భోజనం అయిందా లేదా, చివరి పీరియడ్ ఏంటి, టీచర్ పేరేంటి అని అడగండి.

జవాబుల కంటే ముందే కొన్ని కంటికి కనిపిస్తాయి. లేవడానికి ఆలస్యం, చూపు ఎక్కడో ఉండటం, తల పట్టుకోవడం, నాలుగడుగులకే తూలడం, తన హాఫ్ వదిలి ఎదుటి హాఫ్ వైపు నడవడం. వీటిలో ఒకటి మీ కంట పడితే ఇక వాడేం చెప్పినా లెక్కలోకి రాదు.

---

స్పోర్ట్స్_ఫిజియో

డాక్టర్ గారు చెప్పిన గ్రౌండ్ చెక్‌కే సీఆర్‌టీ 6 అనే ఒక కార్డు ఉంది. డాక్టర్ కానివాళ్ల కోసమే తయారైంది, ఉచితం. ప్రింటు తీసి ఫస్ట్ ఎయిడ్ డబ్బా మూత లోపల అతికించండి. దాని పెద్దన్న స్కాట్ 6. అది వైద్య సిబ్బంది చేసేది. 13 ఏళ్లు, ఆపైవాళ్లకి. 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకి వేరే ఫారం ఉంది. రెండూ 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తర్వాత 2023లో వచ్చాయి. పాత స్కాట్ 5 ఫారాలు ఇంకా చేతులు మారుతున్నాయి, కొత్తది వాడండి.

పీఈటీగా మీరు స్కాట్ 6తో రోగం తేల్చలేరు. కానీ ఆ ఫారంలో ఏముందో తెలిస్తే ఫిజియో, డాక్టర్ చెప్పేది అర్థమవుతుంది. 22 లక్షణాలకి ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కు, మొత్తం 132. తర్వాత నెల, తేదీ, వారం, ఏడాది, టైం. తర్వాత పది మాటలు సెకనుకి ఒకటి చొప్పున చదివి తిరిగి చెప్పించడం, అదే జాబితా మూడుసార్లు. అంకెలు వెనక నుంచి చెప్పించడం, నెలల పేర్లు డిసెంబరు నుంచి జనవరికి చెప్పిస్తూ టైం చూడటం. బ్యాలెన్స్. కనీసం 5 నిమిషాలు గడిచాక ఆ పది మాటలూ మళ్లీ అడగడం. అంతా కలిపి 10-15 నిమిషాలు. రెండు నిమిషాల్లో ముగించారంటే చేయలేదనే అర్థం.

మాటల జాబితా దగ్గరే మనవాళ్లు తప్పటడుగు వేస్తారు. తెలుగు మీడియం పిల్లాడికి ఇంగ్లీషు మాటలు చదివి వినిపిస్తే కొలిచేది జ్ఞాపకాన్ని కాదు, ఇంగ్లీషుని. అలాగని చప్పున "బంతి, బ్యాటు, గ్రౌండు" అని అల్లేయకండి, ఒకటి గుర్తొస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. ఒకదానికొకటి సంబంధం లేని చిన్న మాటలు కావాలి: గొడుగు, వేలు, ఉప్పు, తలుపు, ఎద్దు, పలక, మబ్బు, దారం, చెంచా, గంట. ఇలా సొంతంగా చేసుకున్న జాబితాకి "ఇన్ని మార్కులు వస్తే మామూలు" అనే గీత ఉండదు. సీజన్ మొదట్లో, దెబ్బలేం లేనప్పుడు అదే పిల్లాడికి వచ్చిన మార్కుతోనే పోల్చాలి. అందుకని జూన్‌లోనో జులైలోనో జట్టు మొత్తానికి ఒకసారి చేసి రాసిపెట్టుకోండి. మూడు నాలుగు జాబితాలు ఉంచుకుని మారుస్తుండండి, లేకపోతే పక్కవాడి దగ్గర వినేసి వస్తారు. తర్వాత దెబ్బ తగిలినా మార్కు తగ్గినట్టు కనపడకూడదని మొదటిసారి కావాలనే తక్కువ తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. మరీ తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించండి.

బ్యాలెన్స్ పరీక్ష: చేతులు నడుం మీద, కళ్లు మూసుకుని మూడు భంగిమలు, ఒక్కోటి 20 సెకన్లు. రెండు పాదాలు దగ్గరగా. బలహీనమైన కాలి మీద ఒంటికాలితో. ఒక పాదం వెనక ఇంకో పాదం, బలహీనమైన కాలు వెనక. కళ్లు తెరవడం, నడుం మీంచి చెయ్యి తీయడం, తూలి అడుగు వేయడం, మడమ లేపడం, ఒక్కోటీ ఒక తప్పు. భంగిమకి పదికి మించి లెక్కపెట్టరు. ఇక్కడ కబడ్డీ వాళ్లు పట్టించుకోనిది ఒకటుంది. రైడ్ నుంచి వచ్చి ఎగశ్వాస తీస్తున్నవాడిని ఒంటికాలి మీద నిలబెడితే కంకషన్ లేకున్నా తూలుతాడు. కనీసం పది నిమిషాలు కూర్చోబెట్టి చేయండి. మొదటిసారి బూట్లు లేకుండా చేస్తే ఈసారీ బూట్లు లేకుండానే, అదే రకం నేల మీద.

ఇవన్నీ మొదటి 72 గంటల్లోనే బాగా పనికొస్తాయి. వారం దాటాక స్కాట్‌తో లాభం తక్కువ. అప్పటికి డాక్టర్లు వాడే వేరే పరీక్ష ఉంది, స్కోట్ 6.

జోనల్స్ గురించి తర్వాత రాస్తాను. ముందే చెప్తున్నా, ఆ కుర్రాడిని జాబితాలోంచి తీసేయండి.

---

న్యూరో_స్టాఫ్‌నర్స్

మాస్టారూ, రాత్రి కాపలా ఎలా ఉండాలో వాళ్లమ్మగారికి ఇలా చెప్పండి.

నిద్రపోనివ్వకూడదు అనేది పాత మాట. మొదటి మూడు గంటలు పక్కనే ఒకరు మెలకువగా ఉండాలి. ఆ తర్వాత మామూలుగా ఉంటే పడుకోనివ్వండి, నిద్ర వాడికి అవసరమే. రాత్రి రెండు మూడుసార్లు లేపండి. లేపడమంటే "ఊ" అనిపించడం కాదు. కళ్లు తెరిచి, తన పేరు చెప్పి, పక్కనున్నది ఎవరో చెప్పి, "రెండు వేళ్లు చూపించు" అంటే చూపించాలి. రోజూ లేచేంత తేలిగ్గా లేవాలి. అలా లేవకపోతే తెల్లారేదాకా ఆగకండి.

తలనొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. ఆ వయసుకి, 45-50 కిలోల బరువుంటే 500 మి.గ్రా., ఆరు గంటలకొకటి. ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు గానీ ఇంజెక్షన్ గానీ మొదటి రెండు రోజులు వద్దు, లోపల రక్తస్రావం ఉంటే పెంచుతాయి. నిద్రమాత్ర, మగత తెచ్చే దగ్గు సిరప్ అసలే వద్దు. నిద్ర మందు వల్లా, మెదడు మీద ఒత్తిడి వల్లా అని తేల్చుకోలేక మేమే తంటాలు పడాల్సి వస్తుంది.

కంటి పాపల మీద టార్చి వేసి చూడటం అందరికీ సరదా. మాట్లాడుతూ నడుస్తున్నవాడిలో పాపలు సమంగా ఉన్నాయంటే దానర్థం ఏమీ లేదు. ఒక పాప పెద్దదై వెలుతురుకి ముడుచుకోకపోవడం మెదడు నలుగుతున్నప్పుడు వచ్చే ఆలస్యపు గుర్తు, దానికి చాలా ముందే మగత వస్తుంది. పుట్టుకతోనే పాపల సైజులో కొద్ది తేడా ఉన్నవాళ్లూ ఉంటారు. నాడి నెమ్మదించి బీపీ పెరగడం కూడా అంతే, అది కనిపించేసరికి సగం ఆలస్యమైపోయినట్టే.

పీహెచ్‌సీ సిస్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రిఫర్ చేసేటప్పుడు జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్: కళ్లు, మాట, కదలికలకి మార్కులు వేసి స్పృహని కొలిచే పద్ధతి, పూర్తి మార్కులు 15) మొత్తం ఒక్కటే చెప్పకండి. "13" అంటే మాకేం అర్థం కాదు. "కళ్లు 3, మాట 4, కదలిక 6, టైం 7:40, పాపలు రెండూ 3 మి.మీ., ముడుచుకుంటున్నాయి, షుగర్ 104" అని చెబితే మేము అరగంట తర్వాత అదే కొలతతో పోల్చుకోగలం. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ దీన్ని తయారుచేసింది ఇందుకే, ఒక నర్సు చూసింది ఇంకో నర్సుకి అదే అర్థంలో అందాలని.

మార్కు వేసేటప్పుడు తప్పులు దొర్లేది ఎక్కువగా మాట దగ్గర. పేరు చెప్పాడని 5 వేసేస్తారు. ఎవరు, ఎక్కడున్నాడు, ఏ నెల, మూడూ సరిగ్గా చెబితేనే 5. వాక్యాలు మాట్లాడుతూ వాటిలో తడబడితే 4, పొంతన లేని విడి మాటలైతే 3. తెలుగు రాని ఒడిశా, బీహార్ కూలీలని తెలుగులో అడిగి "అయోమయం, 4" అని రాసిన కాగితాలు వస్తుంటాయి. వాళ్ల భాష తెలిసినవాళ్లతో అడిగించండి. కదలికలో "చెయ్యి పట్టుకో" అని వేళ్లు పెడితే ఎవరైనా అప్రయత్నంగా పట్టుకోవచ్చు, అది 6 కాదు. పట్టుకుని వదలమనండి, లేదా నాలుక బయటపెట్టమనండి. మాటకి పలకకపోతే భుజం పైకండ నొక్కి చూడండి. చెయ్యి మెడ ఎముక దాటి నొప్పి ఉన్న చోటికి వస్తే 5. రొమ్ము ఎముక మీద గీరడం మానేయండి, కమిలిపోవడం తప్ప లాభం లేదు. దెబ్బతో కళ్లు వాచి మూసుకుపోతే 1 వేయకూడదు, "పరీక్షించలేం" అని రాయాలి. రెండు చేతులు రెండు రకాలుగా కదిలితే మార్కు మంచి చేతికి, కానీ ఆ తేడా తప్పకుండా రాయండి.

జీసీఎస్ 15 వచ్చేదాకా అరగంటకోసారి చూడండి. 15 వచ్చాక రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి. మధ్యలో ఒక్క మార్కు తగ్గి అరగంట అలాగే ఉన్నా డాక్టర్‌ని పిలవండి. ఆ తగ్గింది కదలికలో అయితే ఇంకా తొందరగా.

పీఈటీలకి ఇంత అక్కర్లేదు. నాలుగే చూడండి: మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, నొక్కితేనే కదులుతున్నాడా, దేనికీ లేదా. టైం వేసి రాసుకోండి.

---

పీఈటీ_సూర్యాపేట

చాలా థాంక్స్ అందరికీ. వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చాను. అక్కడ మూడు సమస్యలు. వాళ్ల నాన్న ఇప్పుడే స్కాన్ తీయిద్దాం, ఖర్చయినా ఫర్వాలేదు అంటున్నాడు. పక్కింటాయన బొప్పి పైకి కట్టింది కాబట్టి లోపల ఏం ఉండదు, కట్టకపోతేనే ప్రమాదం అంటున్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ మెదడుకి బలమని టానిక్ రాసిచ్చాడు. ఏం చెప్పాలి?

---

క్యాజువాలిటీ_డాక్టర్

బొప్పితో మొదలెడదాం. తోలు కింద రక్తం చేరడం వేరు, ఎముక లోపల చేరడం వేరు. పైకి వచ్చింది కాబట్టి లోపలిది తగ్గదు. నిజానికి రెండేళ్లలోపు పిల్లల్లో నుదురు కాకుండా పక్కనో వెనకో మెత్తటి బొప్పి కడితే మేము ఇంకా జాగ్రత్త పడతాం, దాని కింద ఎముక చిట్లి ఉండవచ్చని.

స్కాన్. సీటీలో కనిపించేది రక్తం, ఎముక విరగడం, వాపు. కంకషన్ కనిపించదు, ఎందుకంటే అది మెదడు కణాల పనితీరులో వచ్చే తేడా. సీటీ నార్మల్ అని రిపోర్టు వస్తే "ప్రాణాపాయం లేదు" అని, "కంకషన్ లేదు" అని కాదు. రిపోర్టు చూపించి ఆడించమని పట్టుబట్టే తల్లిదండ్రులకి ఇది ముందే చెప్పి ఉంచండి. పిల్లలకి రేడియేషన్ ఊరికే ఎందుకని చాలా చోట్ల ఒక పద్ధతి పాటిస్తారు, 2009లో వచ్చిన పీకార్న్ (అమెరికాలో పిల్లల అత్యవసర వైద్యంపై పరిశోధించే ఆసుపత్రుల బృందం) నియమాలు. రెండేళ్లు దాటినవాళ్లలో జీసీఎస్ 14 లేదా అంతకంటే తగ్గినా, మనిషి తీరు మారినా, పుర్రె అడుగు విరిగిన గుర్తులున్నా సీటీ తీయాల్సిందే. స్పృహ తప్పడం, వాంతులు, భరించలేని తలనొప్పి, దెబ్బ తగిలిన తీరు తీవ్రంగా ఉండటం, వీటిలో ఏదైనా ఒకటే ఉంటే సాధారణంగా ఆసుపత్రిలో 4-6 గంటలు ఉంచి గమనిస్తాం. ఒకటికి మించి ఉన్నా, చూస్తుండగా పెరిగినా స్కాన్. మీ కుర్రాడు ఇప్పటికి ఏ గీతా దాటలేదు. తలనొప్పి అలాగే ఉందా, పెరుగుతోందా అన్నదే ఈ రాత్రికి మీకు కొలత. పదికి ఎంత అని గంటకోసారి అడిగి రాయించండి. 4, 4, 3 అయితే నిద్రపోవచ్చు. 4, 6, 8 అయితే బండి కట్టండి.

పెద్దవాళ్లకి లెక్క వేరు. 65 దాటినా, రెండు గంటల తర్వాత కూడా జీసీఎస్ 15కి రాకపోయినా, రెండు వాంతులయినా, దెబ్బకి ముందు అరగంటకి పైగా జరిగింది గుర్తులేకపోయినా, మూడడుగులకి మించిన ఎత్తు నుంచి పడినా స్కాన్ వైపే మొగ్గుతాం.

టానిక్: వాటిలో ఎక్కువగా ఉండేది సిటికోలిన్ లేదా పిరాసిటమ్. సిటికోలిన్‌ని తల గాయాల మీద వెయ్యికి పైగా రోగుల్లో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు, ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ మెరుగు లేదని తేలింది. హాని కంటే ఖర్చే ఎక్కువ, కొనక్కర్లేదు.

---

వైజాగ్_కేర్‌గివర్

పిల్లల విషయం కాదు గానీ, ఈ చర్చ చదివేవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఒకటి. బాత్రూమ్‌లో జారి తల తగిలిన 70 ఏళ్లవాళ్లు వార్ఫరిన్, ఎసినోకౌమరాల్, ఎపిక్సబాన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే లక్షణాలు లేకున్నా అదే రోజు డాక్టర్‌కి చూపించి స్కాన్ అవసరమా అని అడగాలి. మందుల చీటీ వెంట తీసుకెళ్లండి, మాత్ర రంగు చెబితే డాక్టర్‌కి తెలియదు. ఆ రోజు స్కాన్ బాగున్నా మూడు నాలుగు వారాలకి నడక మందగించడం, ఒక కాలు ఈడ్వడం, మతిమరుపు, పగలు నిద్ర మొదలైతే "వయసు కదా" అని వదిలేయకండి. ముసలివాళ్లలో మెదడు కొంచెం కుంచించుకుని చుట్టూ చోటు ఉంటుంది, సన్న సిరల నుంచి రక్తం నెమ్మదిగా చేరుతుంది. చిన్న ఆపరేషన్‌తో తీసేయగలిగే జబ్బు అది.

---

న్యూరో_స్టాఫ్‌నర్స్

దీనికి తోడు తాగినవాళ్లు. బైక్ మీంచి పడినవాడు వాసన వస్తున్నాడని "మత్తు దిగితే లేస్తాడు" అని మూలన పడుకోబెడితే తెల్లారి లేవనివాళ్లున్నారు. తాగి ఉన్నా జీసీఎస్ తగ్గితే తల దెబ్బ ఖాతాలోనే వేయాలి. షుగర్ మాత్రం ముందు చూడండి, ఒక్క చుక్క రక్తంతో తేలిపోతుంది.

---

స్పోర్ట్స్_ఫిజియో

తిరిగి ఆట గురించి రాస్తానన్నాను.

మొదటి 24-48 గంటలు ఉపశమనం కోసం విశ్రాంతి. అంటే చీకటి గదిలో మంచానికి కట్టేయడం కాదు, ఆ పద్ధతి పోయింది. ఇంట్లో తిరగొచ్చు, తినొచ్చు, కాసేపు నడవొచ్చు. ఫోన్, టీవీ ఆ రెండు రోజులు బాగా తగ్గించాలి. ఫోన్ లాక్కుంటే మాస్టారి మీద కోపం వస్తుంది, భరించండి.

తర్వాత మెట్లు. మొదటిది ఇంటి పనులు, నడక. రెండోది రెండు భాగాలు. ముందు గుండె వేగం గరిష్ఠంలో 55 శాతం దాకా, తర్వాత 70 శాతం దాకా. 15 ఏళ్లకి గరిష్ఠం సుమారు 205 కాబట్టి మొదట నిమిషానికి 113 లోపు, తర్వాత 143 లోపు. వాచీ లేకపోతే మెడ దగ్గర 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో హెచ్చించండి. మూడోది ఒంటరిగా కబడ్డీ అడుగులు, బోనస్ లైను ఫుట్‌వర్క్, దిశ మార్చడం. ఎదుట ఎవరూ ఉండకూడదు, పడటం ఉండకూడదు. నాలుగోది తాకిడి లేని జట్టు సాధన: చైన్ కదలికలు (డిఫెండర్లు చేతులు పట్టుకుని కదలడం), క్యాంట్ (కూత)తో రైడ్. ఐదోది పూర్తి పట్టులతో ప్రాక్టీసు. ఆరోది మ్యాచ్.

మెట్టుకి కనీసం ఒక రోజు. మొదటి మూడు మెట్లలో తలనొప్పి కొంచెం పెరిగినా ఫర్వాలేదు. కొంచెం అంటే పదికి రెండు మార్కులకి మించకుండా, గంటలోపు తగ్గిపోవాలి. అంతకు మించితే ఆ రోజుకి ఆపి, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. నాలుగో మెట్టు ఎక్కాలంటే మాత్రం లక్షణాలు పూర్తిగా పోవాలి, కష్టపడి పరుగెత్తినా తిరిగి రాకూడదు, డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నాలుగో మెట్టు నుంచి ఎక్కడ ఏ చిన్న లక్షణం వచ్చినా మూడో మెట్టుకి వెనక్కి.

కాగితం మీద వారంలో అయిపోయేలా కనిపిస్తుంది, ఈ వయసు పిల్లల్లో సాధారణంగా అవదు. ఎక్కువమందికి నాలుగు వారాల లోపు సర్దుకుంటుంది. బ్రిటన్‌లో 2023లో ఊరి స్థాయి ఆటలకి పెట్టిన నియమం దెబ్బ తగిలాక 21 రోజుల లోపు పోటీ ఆట లేదని. డాక్టర్ అందుబాటులో లేని మన గ్రౌండ్లకి నాకు నచ్చిన గీత అదే. మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే లక్షణాలు నెలల తరబడి సాగొచ్చు. చాలా అరుదుగా, టీనేజర్లలో, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జోనల్స్ కోసం ఆ పందెం కాయలేం.

ఆట కంటే ముందు చదువు. తరగతికి వెళ్లేముందు ఇంట్లో 5-15 నిమిషాలు చదివించి చూడండి, తలనొప్పి పెద్దగా పెరగకపోతే పెంచుకుంటూ పోవచ్చు. మొదట సగం రోజు బడి. కిటికీ ఎండ పడని బెంచీ, బోర్డు చూసి రాసే పని తగ్గించడం, ఆ వారం స్లిప్ టెస్టులు వాయిదా. క్లాస్ టీచర్‌తో మీరే మాట్లాడండి. బయటికి కట్టు కనపడని దెబ్బ కాబట్టి "నాటకాలాడుతున్నాడు" అనేస్తారు. నాలుగు వారాలు దాటినా తలనొప్పి, తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, చిరాకు తగ్గకపోతే న్యూరాలజిస్టుకి చూపించండి. మెడ నొప్పి వల్లా, లోపలి చెవి తేడా వల్లా వచ్చే లక్షణాలకి ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది.

---

పీఈటీ_సూర్యాపేట

రాత్రి 9 నుంచి 11 దాకా తలనొప్పి 4, 3, 3. రెండుసార్లు లేపారు, సరిగ్గా జవాబు చెప్పాడు. పొద్దున్న పీహెచ్‌సీ మేడం చూసి ఇంటి దగ్గరే గమనించమన్నారు. ఇంకొక్క ప్రశ్న: కోర్టులో మట్టి ఎంత లోతు తవ్వి మెత్తగా చేస్తే తలకి దెబ్బ తగ్గుతుంది?

---

స్పోర్ట్స్_ఫిజియో

మెత్తటి నేల నుదురు చిట్లడాన్ని తగ్గిస్తుంది, కంకషన్‌ని పెద్దగా ఆపదు. ఎందుకంటే అందులో చాలా దెబ్బలు మోకాళ్ల నుంచి, తలల నుంచి వచ్చేవే. తవ్వి, రాళ్లు ఏరి, జల్లించిన మట్టి పరిచి, తడిపి చదును చేస్తే చాలు. మరీ వదులుగా ఉంటే చీలమండలు మెలిపడతాయి. అంతకంటే లాభం డైవ్ నేర్పడంలో ఉంది. యాంకిల్ హోల్డ్‌కి వెళ్లేవాడి తల రైడర్ కాలికి బయటి వైపు ఉండాలి, రెండు కాళ్ల మధ్యకి గానీ మోకాలికి ఎదురుగా గానీ కాదు. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం ముందు పెట్టి వెళ్లాలి. రైడర్లకి బోర్లా పడేటప్పుడు ముంజేతులు, అరచేతులు ముందు ఆనేలా నేర్పండి. సగం వేగంతో, మోకాళ్ల మీద నుంచి మొదలుపెట్టి రోజూ పది పదిహేనుసార్లు చేయించండి. మెడ బలానికి నాలుగు దిక్కులా అరచేతిని తలకి ఎదురుగా నొక్కి 5 సెకన్లు పట్టి ఉంచే వ్యాయామం వార్మప్‌లో కలిపేయండి.